జెట్ టర్న్‌లో రడ్డర్ తొక్కాలా, వదిలేయాలా? ఏ320లో ఒకలా, ఎఫ్-4లో ఇంకోలా ఎందుకు?

సాగరతీరం_వైజాగ్

అందరికీ నమస్తే. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో (సిమ్) చాలాకాలం చిన్న ప్రొపెల్లర్ విమానం సెస్నా 172 తప్ప ఇంకోటి ముట్టుకోలేదు, ఈ మధ్యే ఏ320 ఎయిర్‌లైనర్ మొదలుపెట్టాను, దాంతోపాటు డీసీఎస్ అనే ఫైటర్ సిమ్‌లో ఎఫ్-4ఈ ఫాంటమ్ కూడా నేర్చుకుంటున్నాను. సెస్నాలో ఎడమకు తిప్పాలంటే యోక్ ఎడమకు వేస్తూనే ఎడమ రడ్డర్ (తోక మీద పెడల్స్‌తో కదిలే నిలువు పలక) కూడా ఇవ్వాలి, లేకపోతే ముక్కు ముందు కుడికి జరిగి ఆ తర్వాత గానీ ఎడమకు రాదు, ఇది బాగా అలవాటైపోయింది. అదే పద్ధతి ఏ320లో చేస్తుంటే తోక అటూ ఇటూ ఊగుతోంది, టర్న్ మొదట్లోనే విమానం నేను అడిగినదానికంటే ఎక్కువ వాలిపోతోంది. ఎఫ్-4 సంగతి వేరు. స్పీడ్ తగ్గాక స్టిక్ బాగా వెనక్కి లాగి పట్టుకుని కుడికి వేస్తే విమానం ఎడమకు విసురుగా తిరిగి స్పిన్‌లో పడుతోంది.

రెండూ జెట్లే. ఒకదాంట్లో రడ్డర్ ఇస్తే తప్పు, ఇంకోదాంట్లో ఇవ్వకపోతే తప్పు. ఏం చేయాలో ఒక్క ముక్కలో చెప్పేసి వదిలేయకుండా ఎందుకో విడమరిచి చెప్పండి ప్లీజ్. నా దగ్గర పెడల్స్ లేవు, మెలితిప్పితే రడ్డర్ వచ్చే జాయ్‌స్టిక్ ఉంది.

ఎఫ్‌ఎల్350

జెట్‌లో రడ్డర్ వాడేది టేకాఫ్ రోల్‌లో, క్రాస్‌విండ్ ల్యాండింగ్‌లో, ఇంజిన్ పోయినప్పుడు. అంతే బ్రో. మిగతా టైమంతా కాళ్లు నేల మీద పెట్టుకో.

ఫాంటమ్_ప్రేమి

@ఎఫ్‌ఎల్350 ఎయిర్‌లైనర్ వరకు సరే అన్నా, కానీ జెట్లన్నిటినీ కలిపి ఒక్క మాట చెప్పేయకండి. ఎఫ్-4లో కాళ్లు నేల మీద పెట్టుకుని డాగ్‌ఫైట్ చేస్తే ఎదుటివాడు మిమ్మల్ని కొట్టక్కర్లేదు, మీరే పడిపోతారు. వివరంగా రాత్రికి రాస్తాను, ఇప్పుడు ఆఫీసులో ఉన్నా.

గ్లైడర్_గాలి

నేను టెక్సస్‌లో వీకెండ్స్‌లో నిజం గ్లైడర్లు ఎగరేస్తుంటాను, జెట్ అనుభవం మొత్తం సిమ్‌దే. కానీ అడ్వర్స్ యా (వాలిన పక్కకి కాకుండా ముక్కు ఎదురు పక్కకు పోవడం) అనేది గ్లైడర్‌లో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు కాబట్టి మూలం దగ్గర్నుంచి చెప్తాను.

ఎడమకు వాలాలంటే కుడి రెక్క పైకి లేవాలి. అందుకోసం కుడి ఐలరాన్ (రెక్క చివర కదిలే పలక) కిందికి దిగుతుంది, ఆ రెక్కకి లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పెరుగుతుంది, లిఫ్ట్‌తో పాటే దానివల్ల పుట్టే డ్రాగ్ (వెనక్కి లాగే బలం) కూడా పెరుగుతుంది. ఎడమ రెక్కకి లిఫ్ట్ తగ్గి ఆ డ్రాగ్ కూడా తగ్గుతుంది. ఇక ఎడ్లబండికి కట్టిన రెండెద్దుల్లో కుడిది వెనకబడితే బండి కుడికి తిరిగినట్టే, ముక్కు కుడికి పోతుంది. మనం వాలింది ఎడమకు, ముక్కు పోయింది కుడికి.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. రోల్ (విమానం పక్కకు వాలడం) జరుగుతున్నంత సేపూ కిందికి దిగే రెక్కకి గాలి కాస్త కింద నుంచి తగులుతుంది, దాంతో దాని లిఫ్ట్ కొద్దిగా ముందుకు వంగుతుంది. పైకి లేచే రెక్కకి గాలి కాస్త పై నుంచి వస్తుంది కాబట్టి దాని లిఫ్ట్ వెనక్కి వంగుతుంది. ఒక రెక్క ముందుకు లాగుతుంటే ఇంకోటి వెనక్కి లాగుతున్నట్టు. రెక్కలు ఎంత పొడుగైతే ఇది అంత ఎక్కువ, అందుకే గ్లైడర్‌లో చేతి కంటే కాలికే పని ఎక్కువ. ముందు అద్దం మీద ఒక ఊలు దారం అంటించుకుంటాం, అది ఎటు పక్కకు పోతే మనం దానికి ఎదురు పక్కకు జారుతున్నట్టు. యూ-2 గూఢచారి విమానం జెట్టే అయినా రెక్కలు సుమారు 31 మీటర్లు, దానికీ కానపీ పైన అచ్చం ఇలాంటి దారమే ఉంటుంది.

ఇది కొత్త సమస్యేం కాదు. రైట్ సోదరులు 1901లో రెక్క మెలితిప్పి వాలుతుంటే ముక్కు ఎదురు పక్కకు పోతోందని గమనించారు. 1902 గ్లైడర్‌కి ముందు కదలని తోక పెట్టారు, అది చాలక దాన్ని కదిలే రడ్డర్‌గా మార్చి రెక్క మెలితిప్పే తీగలకే కట్టేశారు. మీ ఏ320లో కంప్యూటర్ చేసే పని అప్పట్లో ఆ తీగలు చేశాయి. 1905కి వచ్చేసరికి రడ్డర్‌ని మళ్లీ విడదీసి పైలట్ చేతికే ఇచ్చారు. ఎప్పుడూ కట్టేసి ఉంచితే కొన్నిచోట్ల ఇబ్బంది అని వాళ్లకి అప్పుడే అర్థమైంది.

ఏరో_బీటెక్

గ్లైడర్ గారు చెప్పినదానికి నా వైపు నుంచి కొన్ని అంకెలు.

లిఫ్ట్ వల్ల పుట్టే డ్రాగ్, అదే బరువుకి, స్పీడ్ రెట్టింపైతే నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే 125 నాట్లలో ఉన్న తేడా 250 నాట్లకి పావు వంతు. స్పీడ్ మీదున్న జెట్‌లో అడ్వర్స్ యా కనిపించకపోవడానికి మొదటి కారణం ఇదే, ముందు ఫిజిక్సే సగం పని చేసేస్తుంది.

రెండోది టర్న్ రేటు. 25 డిగ్రీల బ్యాంక్‌లో (వాలు కోణంలో) 100 నాట్లకి సెకనుకి సుమారు 5 డిగ్రీలు తిరుగుతాం. 250 నాట్లకి 2 డిగ్రీలు. 450 నాట్లకి 1 డిగ్రీ కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇవన్నీ ట్రూ ఎయిర్‌స్పీడ్ (గాలిలో విమానం నిజంగా వెళ్లే వేగం) లెక్కలు. ముక్కుని టర్న్‌తో పాటు తిప్పడానికి కావలసిన శ్రమ స్పీడ్ పెరిగేకొద్దీ ఇలా తగ్గిపోతుంటే, సెస్నాలో ఇచ్చినంత రడ్డర్ జెట్‌లో ఇస్తే విమానం పక్కకు జారకుండా ఎలా ఉంటుంది?

మూడోది, ఎయిర్‌లైనర్లలో వాలడానికి ఐలరాన్లతో పాటు స్పాయిలర్లు కూడా లేస్తాయి, అదీ దిగే రెక్క మీదే. ఎడమకు వాలితే ఎడమ రెక్క మీద పలకలు లేచి అటు డ్రాగ్ పెంచుతాయి, అంటే ముక్కు ఎడమకే వస్తుంది, మనకి కావలసిన వైపుకే. ఐలరాన్ చెడగొట్టినదాన్ని స్పాయిలర్ సరిచేస్తుందన్నమాట. బీ-52జీ నుంచి ఐలరాన్లే తీసేసి మొత్తం స్పాయిలర్లతోనే వాల్చారు.

చివరిగా, జెట్‌కి ప్రొపెల్లర్ లేదు. సెస్నాలో క్లైంబ్‌లో కుడి రడ్డర్ పట్టుకునేది ప్రొపెల్లర్ వల్ల, దానికీ అడ్వర్స్ యాకీ సంబంధం లేదు. ఆ అలవాటు కూడా జెట్‌లోకి తెచ్చుకుని ఉంటే వదిలేయండి.

కొత్త_రెక్కలు

చిన్న డౌట్. టర్న్ ఉన్నంత సేపూ రడ్డర్ పట్టుకునే ఉండాలా? యూట్యూబ్‌లో ఒకరు అలాగే చేస్తున్నారు.

గ్లైడర్_గాలి

@కొత్త_రెక్కలు అక్కర్లేదు. ఐలరాన్లు కదిలి ఉన్నంత సేపే అడ్వర్స్ యా. బ్యాంక్ కుదిరాక స్టిక్ మధ్యలోకి తెచ్చేస్తాం, దాంతో కారణమే పోతుంది, రడ్డర్ కూడా దాదాపు మధ్యలోకి రావాలి. మళ్లీ టర్న్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎదురు పక్కకు ఐలరాన్ వేస్తాం కదా, అప్పుడు ఎదురు పక్క రడ్డర్ కావాలి. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. మధ్యలో బాల్ (పక్కకు జారుతున్నామా అని చూపించే గొట్టంలోని గుండు) ఎటు జరిగితే అటు పెడల్‌ని కొంచెం నొక్కడం, అది చాలు. టర్న్ పొడుగునా పెడల్ తొక్కి ఉంచితే స్కిడ్ (విమానం టర్న్ బయటి పక్కకు జారడం) అవుతుంది. ల్యాండింగ్ ముందు బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగేచోట తక్కువ స్పీడ్‌లో స్కిడ్ చేసి స్టాల్ అయితే (రెక్కకి లిఫ్ట్ పోతే) లోపలి రెక్క ముందు పడిపోతుంది, నిజం విమానాల్లో ప్రాణాలు పోయేది అక్కడే. సిమ్‌లో రీసెట్ బటన్ ఉంది కదా అని ఈ అలవాటు చేసుకోవద్దు, దయచేసి.

బేగంపేట_సర్క్యూట్

బేగంపేటలో సెస్నా మీద నేర్చుకుని, ఇప్పుడు లైన్‌లో ఎయిర్‌బస్ మీద ఉన్నాను. ఇక్కడ చదివి ఎవరూ నిజం విమానానికి వాడొద్దు, మాన్యువల్ ఉంది, ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు. సిమ్ వరకు చెప్తాను.

ఏ320 నార్మల్ లాలో (కంప్యూటర్లు సరిగ్గా పనిచేస్తున్నప్పటి మామూలు పద్ధతిలో) సైడ్‌స్టిక్ కదిపితే మనం ఐలరాన్‌ని కదుపుతున్నట్టు కాదు, ఇంత రోల్ రేటు కావాలని కంప్యూటర్‌ని అడుగుతున్నట్టు. ఐలరాన్ ఎంత, స్పాయిలర్ ఎంత, టర్న్ కుదరడానికి రడ్డర్ ఎంత అనేది అదే చూసుకుంటుంది. ఇలా తిరిగే రడ్డర్ వల్ల పెడల్స్ కదలవు, అందుకే కొత్తవాళ్లకి అసలు రడ్డర్ పనిచేస్తున్నట్టే తెలియదు. మీ సిమ్ మోడల్ బాగుంటే కింది స్క్రీన్‌లో ఫ్లైట్ కంట్రోల్ పేజీ తెరిచి, పెడల్ ముట్టుకోకుండా స్టిక్ మాత్రం కదిపి చూడండి, రడ్డర్ గుర్తు తనంతట తానే కదులుతుంది. ఇంకోటి, 33 డిగ్రీల బ్యాంక్ లోపల స్టిక్ వదిలేస్తే ఆ బ్యాంక్ అలాగే ఉంటుంది, ముక్కు పడకుండా కూడా అదే చూసుకుంటుంది, వెనక్కి లాగి పట్టుకోనక్కర్లేదు.

సాగరతీరం గారు, మీకు విమానం అడిగినదానికంటే ఎక్కువ వాలుతోందన్నారు కదా, అది స్వెప్ట్ రెక్క వల్ల. వెనక్కి వంగిన రెక్కలున్న విమానంలో ఎడమ రడ్డర్ ఇస్తే ముక్కు ఎడమకు తిరిగి కుడి రెక్క గాలికి ఎదురుగా వస్తుంది, దాని లిఫ్ట్ పెరిగిపోతుంది, విమానం ఎడమకు వాలుతుంది. అంటే ఇందులో రడ్డర్ ఇస్తే రోల్ కూడా వస్తుంది, అదీ కాస్త ఆలస్యంగా, మీరు ఆశించని టైమ్‌కి. మీరు దాన్ని ఆపడానికి ఎదురు రడ్డర్ ఇచ్చేలోపు విమానం ఇంకో పక్కకు బయల్దేరి ఉంటుంది. ఆ ఊగులాటకే డచ్ రోల్ అని పేరు. యా డ్యాంపర్ (ఊగులాటను అణచడానికి రడ్డర్‌ని తానే కదిపే సిస్టమ్) పెట్టింది ముఖ్యంగా దీనికోసమే.

ఇది చిన్న విషయం అనుకోకండి. 1959 అక్టోబర్ 19న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఓసో దగ్గర బ్రానిఫ్‌కి ఇవ్వాల్సిన కొత్త బోయింగ్ 707లో ట్రైనింగ్ కోసం డచ్ రోల్ చేసి చూపిస్తుండగా పరిమితికి మించి వాలింది, సరిచేయబోయేసరికి ఇంజిన్లు ఊడిపోయాయి. ఎనిమిది మందిలో నలుగురు చనిపోయారు. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587, ఎయిర్‌బస్ ఏ300-600, ముందు వెళ్లిన జంబో వదిలిన సుడిగాలిలో కుదుపు వచ్చినప్పుడు ఫస్ట్ ఆఫీసర్ రడ్డర్‌ని ఒక పక్కకీ ఇంకో పక్కకీ మార్చి మార్చి గట్టిగా తొక్కారు, నిలువు తోక మొత్తం విరిగి పడింది. విమానంలో 260 మంది, నేల మీద 5 మంది పోయారు. ఆ సుడిగాలి ఒక్కటే అయితే విమానం తట్టుకునేది. తోక విరిగింది ఆ రడ్డర్ తొక్కుళ్లకి. ఒక పరిమితి స్పీడ్ లోపల ఉంటే రడ్డర్‌ని ఎలా వాడినా పర్వాలేదని అప్పట్లో చాలామంది పైలట్లు నమ్మేవారు, ఒక పక్క పూర్తిగా తొక్కి వెంటనే ఇంకో పక్క తొక్కితే ఆ రక్షణ వర్తించదని అందరికీ గట్టిగా తెలిసింది ఆ తర్వాతే. టర్న్‌లో రడ్డర్ వద్దని లైన్‌లో మేం చెప్పుకునేది బద్ధకం వల్ల కాదు, ఇందుకు.

ఎఫ్‌ఎల్350

సార్ చెప్పారు, నేను ఒక్క లైన్‌లో చెప్పాను. కంటెంట్ ఒకటే. 👍

ఫాంటమ్_ప్రేమి

ఒకటి కాదన్నా, ఇప్పుడు చెప్తాను చూడండి.

ఎఫ్-4 రెక్క విచిత్రమైనది. దాని ఐలరాన్లు ప్రధానంగా కిందికే దిగుతాయి, పైకి దాదాపు లేవవు. వాలే పక్క పని స్పాయిలర్ చేస్తుంది. మామూలు స్పీడ్‌లో, ముక్కు గాలిలోకి తిన్నగా ఉన్నప్పుడు ఈ రెండూ కలిసి బాగానే పనిచేస్తాయి. కానీ స్టిక్ లాగి యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురు వచ్చే గాలికీ రెక్కకీ మధ్య కోణం) పెంచాక కథ మారుతుంది. రెక్క పై భాగంలో గాలి చెదిరిపోతుంది కాబట్టి స్పాయిలర్ లేచినా అక్కడ చెడగొట్టడానికి మంచి గాలే లేదు. ఇంకో పక్క కిందికి దిగిన ఐలరాన్ మాత్రం విపరీతమైన డ్రాగ్ ఇస్తుంది. మీరు కుడికి స్టిక్ వేస్తారు, ఎడమ ఐలరాన్ దిగుతుంది, ముక్కు ఎడమకు ఈడ్చుకుపోతుంది. ఇందాక సార్ చెప్పిన స్వెప్ట్ రెక్క సంగతి ఇక్కడ కలపండి: ముక్కు ఎడమకు పోతే విమానం ఎడమకే వాలుతుంది. స్టిక్ కుడికి, రోల్ ఎడమకి. మీరు కంగారుపడి ఇంకాస్త కుడికి వేస్తారు, అది ఇంకా ఎడమకు పోతుంది, స్పిన్.

అందుకే ఫాంటమ్ పైలట్లకి నేర్పింది ఏంటంటే, యాంగిల్ ఆఫ్ అటాక్ పెరిగాక స్టిక్‌ని పక్కలకి కదపకుండా మధ్యలో పట్టుకుని రడ్డర్‌తోనే వాల్చాలి. ఎయిర్‌లైనర్‌లో ప్రమాదం అనుకున్న స్వెప్ట్ రెక్క లక్షణమే ఇక్కడ పనిముట్టు అవుతుంది. అంతకుముందు ఎఫ్-100లో కూడా ఇదే జబ్బు ఉంది. ఎఫ్-14లో ఐలరాన్లే లేవు, తోక పలకలు ఒకటి పైకి ఒకటి కిందికి తిరిగి వాలుస్తాయి, స్పాయిలర్లు సాయం చేస్తాయి, అయినా ఎక్కువ యాంగిల్‌లో దానికీ అడ్వర్స్ యా బాగా ఉంది, దాన్నీ రడ్డర్‌తోనే వాల్చాలి. ఎఫ్-16, ఎఫ్-18కి వచ్చేసరికి ఐలరాన్‌కీ రడ్డర్‌కీ కంప్యూటరే ముడి పెట్టింది కాబట్టి ఆ తరం విమానాలతో మొదలుపెట్టిన కుర్రాళ్లకి ఈ సమస్య ఉందనే తెలియదు.

ప్రాక్టీస్ ఇలా చేయండి. 20,000 అడుగుల దగ్గర స్పీడ్ తగ్గనిచ్చి, స్టిక్ మెల్లగా లాగుతూ యాంగిల్ ఆఫ్ అటాక్ టోన్ వినండి. టోన్ మారి విమానం వణకడం మొదలైతే ఇక స్టిక్ పక్కలకి కదపొద్దు. కుడి రడ్డర్ మెల్లగా ఇవ్వండి, ముక్కు కుడికి జరిగి, ఒక క్షణం ఆగి, చక్కగా కుడికి వాలుతుంది. ఆ క్షణం ఆగడం అర్థమైతే ఫాంటమ్ సగం వచ్చినట్టే. ముక్కు తప్పిపోతే ముందు స్టిక్ ముందుకు తోసి యాంగిల్ తగ్గించండి, ఐలరాన్‌తో సరిచేయాలని చూడొద్దు.

సాగరతీరం_వైజాగ్

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. ఎఫ్-4లో ఫాంటమ్ అన్న చెప్పినట్టు చేశాను, మొదటిసారి స్పిన్ లేకుండా గట్టి టర్న్ తిప్పగలిగాను, రడ్డర్ ఇచ్చాక ఆ ఆగడం కూడా తెలిసింది. ఏ320లో మాత్రం రడ్డర్ అసలు ఇవ్వకపోయినా ఇంకా కాస్త ఊగుతోంది. యా డ్యాంపర్ ఆన్‌లోనే ఉంది.

ఏరో_బీటెక్

@సాగరతీరం_వైజాగ్ మీది ట్విస్ట్ జాయ్‌స్టిక్ అన్నారు కదా, అనుమానం దాని మీదే. మణికట్టుతో స్టిక్‌ని పక్కకు వంచేటప్పుడు తెలియకుండానే కొంచెం మెలి పడుతుంది. సిమ్ సెట్టింగ్స్‌లో యాక్సిస్‌లు కనిపించే పేజీ తెరిచి, స్టిక్‌ని ఎడమ చివరికీ కుడి చివరికీ వంచుతూ రడ్డర్ గీత చూడండి. అది కదిలితే రడ్డర్‌కి డెడ్‌జోన్ (చిన్న కదలికల్ని సిమ్ పట్టించుకోని భాగం) పెట్టండి, 10 శాతంతో మొదలుపెట్టి గీత నిలకడగా ఉండేదాకా పెంచుకోండి. ట్విస్ట్‌ని లాక్ చేసే వీలుంటే ఏ320కి లాక్ చేసేయడమే మంచిది, నేల మీద తిరగడానికి నోస్ వీల్ టిల్లర్‌ని వేరే యాక్సిస్‌కి ఇచ్చుకోవచ్చు.

సిమ్‌లో అసిస్టెన్స్ ఆప్షన్లు కూడా చూడండి. ఎంఎస్‌ఎఫ్‌ఎస్‌లో (మైక్రోసాఫ్ట్ సిమ్‌లో) ఆటో రడ్డర్ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉండి మీరూ రడ్డర్ ఇస్తుంటే ఇద్దరు కలిసి ఒకే పని చేస్తున్నట్టు. ఎక్స్-ప్లేన్‌లో యా యాక్సిస్ దేనికీ కేటాయించకపోతే సిమ్మే కొంతవరకు ముక్కుని సర్దుతుంది, పెడల్స్ తగిలించగానే ఆ సాయం పోతుంది. పెడల్స్ కొన్నాక విమానం పాడైందని ఇక్కడ వచ్చే పోస్టుల్లో చాలావరకు ఇదే కారణం.

గ్లైడర్_గాలి

ఒక కంటి భ్రమ గురించి కూడా చెప్పాలి. ఏ320లో మనం ఎడమ సీట్లో కూర్చుంటాం. డ్యాష్‌బోర్డ్ మధ్య భాగాన్ని ముక్కు అనుకుని చూస్తే, అది మన కంటికి కుడి పక్కన ఉంది కాబట్టి ఎడమకు వాలగానే అది పైకి లేచినట్టు, పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. చాలామంది దాన్నే అడ్వర్స్ యా అనుకుని రడ్డర్ ఇచ్చేస్తారు. మీ కళ్లకి సూటిగా ఎదురుగా అద్దం మీద ఒక చుక్క ఊహించుకుని, దూరంగా ఉన్న కొండనో మేఘాన్నో దానితో కలిపి చూడండి. వాలడం మొదలైనప్పుడు ఆ చుక్క ఎదురు పక్కకు జరిగితేనే నిజంగా అడ్వర్స్ యా.

బేగంపేట_సర్క్యూట్

గ్లైడర్ గారి పాయింట్ చాలా మంచిది, సెస్నాలో కూడా మొదటి రోజుల్లో ఇదే చెప్తారు. దీనికి ఒకటి కలుపుతాను: బాల్ గానీ, ఎయిర్‌బస్ స్క్రీన్‌లో బ్యాంక్ గుర్తు కింద ఉండే చిన్న పలక గానీ చూపించేది పక్కకు లాగే బలాన్ని. ముక్కు ఎటు తిరుగుతోందో అది నేరుగా చూపించదు. రోల్ మొదలైన క్షణంలో అది కొంచెం కదిలితే వెంటపడకండి, కుదురుకోనివ్వండి. ఇంజిన్ పోయినప్పుడు అదే పలక నీలం రంగులోకి మారుతుంది, అప్పుడు దాన్ని రడ్డర్‌తో మధ్యలోకి తెచ్చి, ట్రిమ్ చేసి, ఆ తర్వాత టర్న్‌లన్నీ మామూలుగా స్టిక్‌తోనే.

కొత్త_రెక్కలు

నా దగ్గర పాత ల్యాప్‌టాప్, ఫ్లైట్‌గేర్ ఒక్కటే ఆడుతుంది. ఇవన్నీ అందులో చూడొచ్చా?

ఏరో_బీటెక్

హాయిగా చూడొచ్చు తమ్ముడూ, ఫ్రీ అయినా ఫ్లైట్ మోడల్ బాగుంటుంది. ఆటో కోఆర్డినేషన్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఐలరాన్‌తో పాటు రడ్డర్ అదే కదిలిపోతుంది కాబట్టి ముందు అది తీసేయి. సెస్నా 172తో 5,000 అడుగుల్లో 100 నాట్లకి, తర్వాత 65 నాట్లకి తగ్గించి, రెండుసార్లూ రడ్డర్ లేకుండా గబుక్కున 30 డిగ్రీలు వాల్చి ముక్కు ఎంత ఎదురుగా పోతుందో పోల్చి చూడు. తేడా కళ్లకి కనిపిస్తుంది.

సాగరతీరం_వైజాగ్

యాక్సిస్ పేజీ చూశాను, ఏరో గారు చెప్పిందే. ఎడమకు పూర్తిగా వంచితే రడ్డర్ గీత కూడా బాగానే కదులుతోంది. డెడ్‌జోన్ పెట్టాక ఏ320 నీళ్లలా తిరుగుతోంది. ఎఫ్-4కి మాత్రం డెడ్‌జోన్ లేని వేరే ప్రొఫైల్ చేసుకున్నాను, అక్కడ చిన్న రడ్డర్ కూడా కావాలి కదా.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఎఫ్-4 ల్యాండింగ్‌కి వచ్చేటప్పుడు స్పీడ్ తక్కువే, యాంగిల్ ఎక్కువే. మరి ఫైనల్‌లో చిన్న చిన్న సవరణలకి కూడా రడ్డరేనా?

ఫాంటమ్_ప్రేమి

మంచి ప్రశ్న. ఫ్లాప్స్ దించాక ఎఫ్-4లో ఐలరాన్‌కీ రడ్డర్‌కీ ముడి పెట్టే సిస్టమ్ పనిలోకి వస్తుంది, స్టిక్ పక్కకు వేస్తే రడ్డర్ దానంతట అదే కొంత కలుస్తుంది. కాబట్టి ఫైనల్‌లో చిన్న సవరణలకి స్టిక్ వాడొచ్చు, పెద్ద వాలు కావాలంటే రడ్డర్ కూడా కలపండి. ఫ్లాప్స్ ఎత్తేసి గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి వెళ్లడం) చేస్తుంటే ఆ సాయం పోతుందని గుర్తుపెట్టుకోండి, చాలామంది టర్న్ తొందరలో పడిపోయేది అక్కడే. స్పీడ్ పుంజుకునేదాకా రెక్కలు సమంగా ఉంచండి.